యాభై లక్షల కారు: కొనడమా, లీజుకు తీసుకోవడమా?

ఖరీదైన కారు కొనే ఆలోచన వచ్చినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: మెర్సిడెస్ మంచిదా, బీఎండబ్ల్యూ మంచిదా, ఆడీ మంచిదా? నేను తిరిగి అడిగేది వేరు. ఆ కారు మీ ఇంట్లో ఎన్నేళ్లు ఉంటుంది? ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? దాని డబ్బు మీ జేబు నుంచి వస్తుందా, మీ వ్యాపారం నుంచా, మీ జీతంలో నుంచి కోతగానా? ఈ మూడింటికీ జవాబు దొరికితే కొనాలా, లీజుకు తీసుకోవాలా అన్నది దానంతట అదే తేలిపోతుంది. ఏ గుర్తు ఉన్న కారు అన్నది ఆ తర్వాత మీ మనసుకు నచ్చినట్టు చూసుకోవచ్చు.

మా బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరు పెద్ద కారు కొనాలనుకున్నా లెక్కల కాగితం ఒకసారి నా ముందుకు వస్తుంది. అలా చూసిన కాగితాల నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాదును దృష్టిలో పెట్టుకుని, షోరూం ధర 50 లక్షలున్న పెట్రోలు కారును ఉదాహరణగా తీసుకుందాం.

ముందు అసలు ధర

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది. ఈ 40 శాతం షోరూం ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి మనకు విడిగా కనిపించదు. విడిగా కనిపించి గుండె గుభేలుమనిపించేది లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్డు పన్ను. తెలంగాణలో ఈ ధరల కార్లకు అది షోరూం ధరలో ఐదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. మీ పేరిట ఇప్పటికే ఒక కారు ఉంటే మరో రెండు శాతం ఎక్కువ. అంటే 50 లక్షల కారుకు సుమారు 10 లక్షలు పన్నుకే పోతాయి. బీమా, రిజిస్ట్రేషన్, మిగతా ఖర్చులు కలిపి మరో 2 లక్షలు వేసుకోండి. రోడ్డెక్కేసరికి 62 లక్షలు.

పది లక్షలు దాటిన కారు మీద షోరూంవారు ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. మన కారుకు అది 50 వేలు. చాలామంది దీన్ని ఖర్చు కింద రాసుకుని మరచిపోతారు. అది ఖర్చు కాదు, మీ పాన్ నంబరు మీద ముందుగా కట్టిన ఆదాయపు పన్ను. రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు తీసుకోవచ్చు. షోరూంవారికి ఇచ్చిన పాన్, మీరు రిటర్ను వేసే పాన్ ఒకటేనా అని మాత్రం డబ్బు కట్టే రోజే చూసుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. పుదుచ్చేరిలోనో, పన్ను తక్కువున్న మరో రాష్ట్రంలోనో రిజిస్ట్రేషన్ చేయించుకోండి, లక్షలు మిగులుతాయి అని చెప్పేవారు తప్పకుండా తగులుతారు. కారు మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం. అక్కడ నివాసమే లేకుండా చిరునామా చూపిస్తే అది పన్ను ఎగవేత కిందికి వస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నదే అసలు బేరం

62 లక్షలు పెట్టిన కారు మూడేళ్ల తర్వాత అమ్మితే 25 లక్షలు వచ్చాయనుకుందాం. పోయింది 37 లక్షలు. 36 నెలలకు పంచితే నెలకు లక్ష రూపాయల పైచిలుకు. పెట్రోలు, సర్వీసు, డ్రైవరు జీతం ఇందులో లేవు. అదే కారును ఎనిమిదేళ్లు వాడి 10 లక్షలకు అమ్మారనుకుందాం. పోయింది 52 లక్షలు, 96 నెలలకు పంచితే నెలకు 54 వేలు. మధ్యలో వారంటీ ముగిశాక మరమ్మతులకు మరో 8 లక్షలు పెట్టినా నెలకు 62,500 దాటదు. కారు అదే, మనిషి అతడే. ఖర్చులో మాత్రం ఇంత తేడా.

అప్పు సంగతి కూడా ఇక్కడే చూడాలి. 50 లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే ఈఎంఐ 1,03,800 రూపాయల దగ్గర ఉంటుంది. ఐదేళ్లలో వడ్డీయే 12 లక్షలు దాటుతుంది. మూడేళ్లు పూర్తయ్యేసరికి ఇంకా 22 లక్షల 70 వేల అసలు మిగిలే ఉంటుంది. పైన మనం అనుకున్న 25 లక్షలకు కారు అమ్మితే బ్యాంకు బాకీ తీరి, చేతిలో రెండు లక్షల చిల్లర మిగులుతుంది. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవారు అప్పు చేసి కొనడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారికైతే సొంతంగా కొనడమే మేలు. చేతిలో డబ్బుంటే ముందస్తు చెల్లింపు ఎంత ఎక్కువ కడితే అంత మంచిది.

మూడు, నాలుగేళ్లలో మార్చేవారి కోసం కార్ల కంపెనీల ఫైనాన్స్ విభాగాలే బై బ్యాక్ పథకాలు నడుపుతున్నాయి. గడువు చివర కారును ఇంత ధరకు వెనక్కి తీసుకుంటామని ముందే రాసిస్తారు. ఆ మొత్తం పక్కన పెట్టి మిగిలినదానికే అసలు చెల్లింపు లెక్కగడతారు కాబట్టి ఈఎంఐ తక్కువగా కనిపిస్తుంది. పక్కన పెట్టిన మొత్తం మీద కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుందన్నది మరవకండి. ఒప్పందంలో రెండు వాక్యాలు వెతికి చదవాలి. ఒకటి, ఏడాదికి కిలోమీటర్ల పరిమితి ఎంత. రెండు, గీతలకు, సొట్టలకు, బయట చేయించిన సర్వీసుకు ఎంత కోస్తారు.

జీతంలో నుంచి లీజు

మన దేశంలో లీజు ఎక్కువగా నడిచేది ఉద్యోగం ఇచ్చే సంస్థల ద్వారానే. అమెరికాలో ఉండి వచ్చినవారు ఈ తేడా గమనించాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో షోరూంలోకి వెళ్లి, సొంత క్రెడిట్ స్కోరు మీద, ఏడాదికి పది పన్నెండు వేల మైళ్ల పరిమితితో మూడేళ్ల లీజు రాసుకుని రావడం వారికి మామూలే. అక్కడ వడ్డీని మనీ ఫ్యాక్టర్ పేరుతో చిన్న దశాంశంగా చూపిస్తారు, దాన్ని 2400తో గుణిస్తే వార్షిక వడ్డీ శాతం వస్తుంది. ఇక్కడ ఆ ధోరణిలో వెళ్తే నిరాశే. వ్యక్తులకు నేరుగా ఇచ్చే లీజులు పరిమితం, ఉన్నవాటి అద్దె కూడా తక్కువేమీ కాదు. కారుకు వర్తించే జీఎస్టీయే లీజు అద్దెకూ పడుతుంది కాబట్టి పెట్రోలు కారైతే ప్రతి నెలా అద్దె మీద 40 శాతం పన్ను కడుతున్నట్టే.

మరి లాభం ఎక్కడ? ఆదాయపు పన్నులో. కారు లీజు కంపెనీ పేరిట ఉంటుంది, సంస్థ దాన్ని మీకు ఇస్తుంది, అద్దెను మీ జీతంలో నుంచి పన్ను లెక్కకు ముందే తీసేస్తారు. కారును ఆఫీసు పనికీ సొంత పనికీ వాడుతున్నప్పుడు నియమాల ప్రకారం ఒక చిన్న స్థిరమొత్తాన్ని మాత్రమే ప్రతి నెలా మీ ఆదాయానికి కలుపుతారు. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి ఇది పెద్ద ఆదా. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. కారు పూర్తిగా సొంత వాడకానికే అయితే మాత్రం ఖర్చంతా ఆదాయం కిందికి వస్తుంది. అందుకే సంస్థ పెట్టే షరతులు, ఏ రోజు ఏ పనికి ఎంత తిరిగారో లాగ్ పుస్తకం రాయాలా వద్దా అన్నది ముందే తెలుసుకోవాలి.

నా స్నేహితుడు ఒకరు గచ్చిబౌలిలోని ఒక సంస్థలో పనిచేస్తూ నాలుగేళ్ల లీజుకు కారు తీసుకున్నారు. నెలనెలా పన్ను ఆదా చూసి ఎంతో సంతోషించారు. ఏడాదిన్నరకు మరో మంచి ఉద్యోగం వచ్చింది. కొత్త సంస్థలో లీజు విధానమే లేదు. మధ్యలో లీజు ముగించడానికి మిగిలిన అసలు, దాని మీద రుసుము, పన్ను అన్నీ కలిపి ఒకేసారి కట్టాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆదా అయినదంతా, ఇంకొంత కూడా ఆ ఒక్క చెల్లింపులో పోయింది. కాబట్టి లీజు కాగితం మీద సంతకం చేసే ముందు నెలవారీ అద్దె కన్నా ముందుగా చూడాల్సింది మధ్యలో వదిలేస్తే ఎంత అన్న పట్టికనే. అదే సంస్థలో లీజు గడువంతా ఉంటామన్న నమ్మకం ఉన్నవారికి, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి లీజు నిస్సందేహంగా మంచిది. ఏడాది రెండేళ్లకు ఉద్యోగం మారేవారికి వద్దు.

వ్యాపారం ఉన్నవారి దారి వేరు. సంస్థ పేరిట అప్పు చేసి కొంటే వడ్డీ ఖర్చు కింద చూపవచ్చు, కారు మీద ఏటా 15 శాతం తరుగుదల తీసుకోవచ్చు. కొన్న ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడు అందులో సగమే. అయితే కారుకు కట్టిన జీఎస్టీని మాత్రం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే వ్యాపారం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా, తీసుకోవడానికి వీలు లేదు. వీలుందని చెప్పే సేల్స్‌మన్ మాట నమ్మి బేరం కుదుర్చుకున్నవారిని చూశాను. సంస్థ పేరిట రిజిస్ట్రేషన్ చేయిస్తే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కాస్త ఎక్కువే పడుతుంది.

విద్యుత్ కారు వస్తే లెక్క తిరగబడుతుంది

విద్యుత్ కారు మీద జీఎస్టీ 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మినహాయించింది, 2026 డిసెంబరు 31 దాకా. అదే 50 లక్షల షోరూం ధరకు పెట్రోలు కారైతే కట్టే 10 లక్షల పన్ను ఇక్కడ లేదు. బీఎండబ్ల్యూ చెన్నై కర్మాగారంలో తయారవుతున్న ఐఎక్స్1 పొడవు మోడల్ 2025 జనవరిలో 49 లక్షల షోరూం ధరకు వచ్చింది. దాని బ్యాటరీ 66.4 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా నిండా చార్జ్ చేయడానికి 530 రూపాయలు. దానితో 350 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకు రూపాయిన్నర. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుతో, లీటరుకు పది కిలోమీటర్లిచ్చే కారులో అదే కిలోమీటరు పది రూపాయల పైమాట.

అయితే మూడు, నాలుగేళ్ల తర్వాత విద్యుత్ కారుకు ఎంత ధర పలుకుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఏటేటా బ్యాటరీలు మెరుగవుతున్నాయి, కొత్త మోడళ్ల ధరలు తగ్గుతున్నాయి. బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది కాబట్టి వాడకానికి భయం లేదు, అమ్మకానికే భయం. అందుకే నా సలహా కాస్త తలకిందులుగా ఉంటుంది. పెట్రోలు కారైతే కొని ఎక్కువ కాలం ఉంచుకోండి. విద్యుత్ కారైతే లీజు గానీ బై బ్యాక్ గానీ తీసుకుని, ధర పడిపోయే భారం కంపెనీ మీద పెట్టండి. అద్దె మీద పన్ను 5 శాతమే కాబట్టి లీజు కూడా తేలిగ్గా ఉంటుంది. అపార్ట్‌మెంట్లో ఉండేవారు బుకింగ్ డబ్బు కట్టే ముందు మీ పార్కింగ్ స్థలంలో చార్జర్ పెట్టడానికి సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఏ కారు అన్నది

ఇది తొందరగా ముగిస్తాను. మన దేశంలో కూర్చిన మోడల్‌నే తీసుకోండి. మెర్సిడెస్ పుణె దగ్గర చాకన్‌లో, బీఎండబ్ల్యూ చెన్నైలో, ఆడీ ఛత్రపతి శంభాజీనగర్‌లో, వోల్వో బెంగళూరు దగ్గర హోసకోటెలో కార్లను కూరుస్తున్నాయి. పూర్తిగా దిగుమతైన కారుకు సుంకం భారీగా పడుతుంది, విడిభాగాల కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు.

టెస్ట్ డ్రైవ్‌ను షోరూం ముందున్న రోడ్డు మీద కాకుండా మీ ఇంటిదాకా చేయండి. సెల్లార్ ర్యాంపు మీద కారు అడుగుభాగం రాసుకుంటుందేమో చూడండి. 2024లో వచ్చిన మెర్సిడెస్ పొడవు ఈ-క్లాస్ 5,092 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ గడి అయిదు మీటర్లే. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవారు కిందికి ఉండే సెడాన్‌లోంచి లేవడానికి ఎంత కష్టపడతారో అప్పుడే తెలుస్తుంది. మా నాన్నగారు రెండుసార్లు ఎక్కి దిగాక, ఏమీ అనకుండా పక్కనున్న ఎస్‌యూవీ తలుపు మీద చెయ్యి వేశారు. మా ఇంట్లో అక్కడితో చర్చ ముగిసింది.

డెలివరీకి ముందు, రిజిస్ట్రేషన్ కాకముందే, తయారైన నెల, సంవత్సరం చూడండి. డిసెంబరులో ఇచ్చే తగ్గింపులు ఆకర్షణీయంగా ఉంటాయి, అమ్మేటప్పుడు మాత్రం కొనేవారు చూసేది తయారైన సంవత్సరాన్నే. ఎనిమిదేళ్లు ఉంచుకునేవారు ఆ తగ్గింపును సంతోషంగా తీసుకోవచ్చు, మూడేళ్లకు అమ్మేవారు ఆలోచించాలి.

బీమా, నీళ్లు

బీమాలో ఐడీవీ, అంటే కారుకు బీమా కంపెనీ కట్టే విలువ, ఏటా తగ్గుతుంది. రెండో ఏడు దాటేసరికి తరుగుదల 30 శాతం, నాలుగో ఏడు దాటితే 50 శాతం. కాబట్టి కనీసం మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవరు తీసుకోండి, కారు దొంగతనానికి గురైనా పూర్తిగా పాడైనా ఇన్వాయిస్ ధర వస్తుంది. మరమ్మతు బిల్లులో విడిభాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ ఎలాగూ ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా ఇంజిన్ ప్రొటెక్షన్.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా బంధువుల కారు ఒకటి రెండు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఇంట్లో ఒకరు ఆత్రంగా స్టార్ట్ బటన్ నొక్కారు. అప్పటికి సిలిండర్లలో నీళ్లున్నాయి. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు కదా, పైకి వస్తున్న పిస్టన్ నీళ్లను గుద్దుకుని కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. మునిగిన నష్టానికి బీమా ఇస్తామన్నారు, స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు జరిగిన నష్టానికి ఇవ్వలేమన్నారు. ఇంజిన్ ప్రొటెక్షన్ తీసుకోలేదు. కొన్ని వేల రూపాయలు మిగులుతాయని ఆ ఒక్క గడి ఖాళీ వదిలారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టయింది. నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేయకండి, వీలైతే బ్యాటరీ తీగ విప్పించి క్రేన్‌తో సర్వీస్ సెంటరుకు చేర్చండి. విద్యుత్ కారైతే దాని జోలికే వెళ్లకుండా కంపెనీవారిని పిలవండి.

ఇంటికి వచ్చాక

పొద్దున్నే సెల్లార్లోకి వెళ్లి చూడండి. కార్లు తుడిచే అబ్బాయి ఒక బకెట్టు, ఒక పాత గుడ్డతో పది కార్లు తుడుస్తుంటాడు. అదే నీళ్లు, అదే గుడ్డ. ముందు కారు మీది ఇసుక రేణువు మీ బోనెట్ మీద గుండ్రంగా తిరుగుతుంది. ఆరు నెలల తర్వాత ఎండలో నిలబెట్టి చూస్తే నల్లరంగు మీద సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తాయి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి మనం ఇచ్చింది ఆ గుడ్డే. మీ కారుకు విడిగా రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఇవ్వండి, ముందు నీళ్లు పోసి దుమ్ము పోయాకే తుడవమని చెప్పండి, నెలకు కాస్త ఎక్కువ ఇవ్వండి. బోరు నీళ్లు ఎండలో ఆరితే తెల్లమచ్చలు పడి పెయింటును పట్టుకుంటాయి, కాబట్టి నీడలోనే కడిగించాలి, వెంటనే ఆరబెట్టించాలి. సెరామిక్ పూత మెరుపు కోసమే, గీతలను ఆపదు. రాళ్ల దెబ్బల నుంచి కాపాడాలంటే పెయింటు మీద అంటించే పారదర్శక పొర, పీపీఎఫ్ వేయించాలి. అది కూడా ముందు బంపరు, బోనెట్, సైడ్ మిర్రర్ల వరకు చాలు.

పూజ చేయించేటప్పుడు పసుపు కుంకుమలు ముందు అద్దం మీద పెట్టించండి. పెయింటు మీద పెడితే ఎండకు రంగు దిగి మచ్చ మిగలవచ్చు. కర్పూరం పళ్లెంలో వెలిగించి హారతి ఇస్తే చాలు, బోనెట్ మీద పెట్టనివ్వకండి. నిమ్మకాయలు టైర్ల కిందే కాబట్టి చింత లేదు.

డీజిల్ కారైతే రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిరగడం దానికి సరిపడదు. పొగగొట్టంలోని వడపోతలో మసి పేరుకుంటుంది, అది కాలిపోవాలంటే ఇంజిన్ వేడెక్కి నిలకడగా నడవాలి. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట తిప్పండి. ఆ వీలు లేనివారు డీజిల్ తీసుకోవద్దు.

రన్‌ఫ్లాట్ టైర్లున్న చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు. గాలి పోయినా తక్కువ వేగంతో కొంత దూరం వెళ్తాయి గానీ, విజయవాడ దారిలో రాత్రి టైరు పక్కభాగం చీలితే ఆ సైజు టైరు దగ్గరలో దొరకదు. కొనేటప్పుడే కంపెనీ రోడ్డు సహాయం ఎన్నేళ్లుంటుందో అడగండి. వారంటీ కంపెనీని బట్టి రెండేళ్లు, మూడేళ్లు ఉంటుంది. ఎక్కువ కాలం ఉంచుకునేవారు అది ముగిసేలోపే పొడిగింపు తీసుకోవాలి. ముగిశాక అడిగితే తనిఖీలంటారు, లేదంటే కాదంటారు.

లీజుకు తీసుకున్న కారును అద్దె ఇంటిలా చూసుకోండి. తాళాలు ఇచ్చిన రోజే నాలుగు వైపులా, చక్రాల రిమ్ములు, సీట్లు, డిక్కీ లోపల తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకు కొట్టిన మేకు మీదా కాదా అని తగవు పడినట్టే, తిరిగి ఇచ్చే రోజు ప్రతి గీత మీదా బేరం నడుస్తుంది. చెల్లిన బిల్లులు, రెండో తాళంచెవి, సర్వీసు కాగితాలు ఒక ఫైలులో ఉంచండి. ఎలుకలు తీగలు కొరికిన నష్టాన్ని లీజు ఒప్పందంలో ఎవరు భరించాలో రాసి ఉందేమో కూడా చూడండి. మా వీధిలో ఈ ఏడాది మూడు కార్లకు అలా జరిగింది.